ఊరు ఖాళీ చేసిన రోజు

జ్వరమంటే నాకు ఇప్పటికీ భయమే. జనగామలో మా ఇంట్లో ఎవరి ఒళ్లు కాస్త వేడెక్కినా ముందు వాకిలి గడియ పడిందో లేదో చూసుకుంటాను, ఆ తర్వాతే మందుబిళ్ల కోసం వెతుకుతాను. మా ఆయన నవ్వుతాడు. "జ్వరం తలుపు తీసుకొని వస్తదా?" అంటాడు. జ్వరం తలుపు తీసుకుని రాదు, మనుషులు వస్తారు. ఆయన పట్నంలో పుట్టి పెరిగినవాడు, ఆయనకు ఈ సంగతులు తెలియవు.

మాది గార్లకూ మానుకోటకూ మధ్య, రైలు పట్టాలకు అవతల ఉండే పల్లె. ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూరా టెంట్లు వేసుకుని కూర్చున్న రోజుల్లో నేను పదో తరగతి చదువుతున్నాను. ఊళ్లో మా తురకల ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మా అబ్బా సైకిళ్లు బాగుచేసేవాడు. దానితోపాటు ఊరికి ముల్సాబు కూడా ఆయనే. అంటే ఎవరింట్లో కోడిని కోయాలన్నా, యాటను కోయాలన్నా మా ఇంటికే కబురొచ్చేది. ముల్సాబు బిస్మిల్లా చెప్పి కోయని మాంసాన్ని మా ఊళ్లో హిందువుల ఇళ్లలో కూడా పొయ్యి ఎక్కించేవారు కాదు. ముత్యాలమ్మ పండుగనాడు గుడి ముందు బలి ఇచ్చేది ఒకటి పోను, మిగతావన్నీ మా అబ్బా కత్తికే వచ్చేవి. పండుగ పూట ఆయన లేకపోతే ఊరంతా పప్పన్నమే తినాలని మా అమ్మీ గొప్పగా చెప్పుకునేది.

ఉద్యమం టెంటు అబ్బా దుకాణానికి ఎదురుగానే వేశారు. మొదటి రోజు అందులో కూర్చున్నవాళ్లలో ఆయన ఒకడు. రోడ్డు మీద పొయ్యి పెట్టి వంటావార్పు చేసిన రోజు మా అమ్మీ కూడా వెళ్లి ఉల్లిగడ్డలు తరిగింది. నేను బడి పిల్లలతో కలిసి గొంతు పోయేదాకా నినాదాలిచ్చాను. సినిమాల్లో మన మాట మాట్లాడేవాడెప్పుడూ దొంగో, తాగుబోతో అయి ఉండటం నాకు చిన్నప్పటి నుంచి మంట. మన రాష్ట్రం మనకు కావాలనడం తప్పని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడు అడిగినా అదే మాట చెప్తాను. ఆ రోజుల్లో టెంటు దగ్గర పాట ఉండేది, చాయ్ ఉండేది, ఒకరినొకరు ఎగతాళి చేసుకోవడం ఉండేది. బతుకమ్మ ఆడినంత సంబరంగా పోరాడేవాళ్లం.

మా ఇంటి వెనక సందుకు అవతల కోస్తా నుంచి వచ్చిన భార్యాభర్తలు ఉండేవారు. పొలం కౌలుకు తీసుకుని మిర్చి వేసేవారు. పిల్లలు లేరు. ఒక పాత ట్రాక్టరు ఉండేది. ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. "మీ మాట వింటుంటే పోట్లాడుతున్నట్టుంటుందే" అని నవ్వేది. నేనేం తక్కువ తిన్నానా! "నువ్వు మాట్లాడుతుంటే రేడియోల వార్తలు చదివినట్టుంటది" అనేదాన్ని. అమ్మీకీ ఆమెకూ మంచి దోస్తీ. సేమియా గిన్నె ఇటు నుంచి అటు పోయేది, ఆవకాయ గిన్నె అటు నుంచి ఇటు వచ్చేది. టెంటులో ఉపన్యాసం గట్టిగా వినిపించిన రోజుల్లో మాత్రం ఆమె వాకిట్లోకి వచ్చేది కాదు. మరునాడు ఏమీ జరగనట్టే వచ్చేది.

ఆ యేడు వాన ఆగకుండా పట్టింది. ముందు పశువుల కొట్టాల వెనక నీళ్లు నిలిచాయి, తర్వాత దోమలు, తర్వాత జ్వరాలు. మొదట పోయినవాడు టెంటులో డప్పు కొట్టి పాడే పిల్లగాడు. మూడు రోజుల కింద పాడినవాడు పాడె మీద పడుకున్నాడు. ఆ తర్వాత ఒక పచ్చి బాలింత పోయింది. గంగారం వైపు అడవి ఊళ్లలో ఇంటికొకరు మంచాన పడ్డారని, భూపాలపల్లి దగ్గర ఒక పల్లె పల్లే తాళాలేసుకుని పోయిందని మాటలు వచ్చాయి. ఎవరు చూసొచ్చారో తెలియదు. రాష్ట్రం కోసం సమ్మె నడుస్తుండటంతో బస్సులు బంద్. దగ్గరి దవాఖానలో డాక్టరు లేక చాలాకాలమైంది.

అప్పటి నుంచి టెంటు మారిపోయింది. నేను ఎదుటి దుకాణంలో కూర్చుని కళ్లారా చూసిన సంగతి ఇది, పుస్తకంలో చదివింది కాదు. ఏ ఇంటికి జ్వరం వస్తే ఆ ఇంటి మగవాడు మరునాడు టెంటులో ముందు వరుసలో ఉండేవాడు. "రాష్ట్రమొస్తే ఏమన్న బియ్యం అగ్గువైతయా?" అని అంతకుముందు వెక్కిరించిన కిరాణా సేటు, కొడుక్కి జ్వరం రాగానే దుకాణం మూసి వచ్చి చాప మీద కూర్చున్నాడు. కొడుక్కి తగ్గగానే మళ్లీ దుకాణం తెరిచాడు. పాపం, ఆయన్ని అనాల్సిన పనిలేదు. భయం వేసినప్పుడు మనిషి పదిమంది మధ్య కూర్చోవాలనుకుంటాడు. ఆ పదిమంది ఏ మాట అంటే ఆ మాట అంటాడు.

"మన రాష్ట్రం మనకుంటే మన దవాఖానల డాక్టరుండకపోవునా?" అన్నారు మొదట. అది నిజమే. నాలుగు నోళ్లు తిరిగేసరికి అదే మాట "మన మందులన్నీ అటే పంపుతున్నరు" అయింది. ఇంకో నాలుగు నోళ్లు తిరిగి "ఈ జ్వరం ఎవలు తెచ్చిండ్రో అరుసుకోవాలె" అయింది. చివరికి ఒకాయన మా వెనక సందు వైపు చెయ్యి చూపించి, మిర్చి చేన్లకు కొట్టే మందు బావుల్లోకి దిగి జ్వరం పుట్టిందన్నాడు. అంతకు వారం ముందే ఆయన తన చేనుకు మందు కొట్టే పంపును అదే ఇంటి నుంచి అడుక్కుపోయాడు. నాకు ఒళ్లు మండింది. అబ్బా నా చెయ్యి గట్టిగా నొక్కి ఇంట్లోకి పొమ్మన్నాడు. టెంటులో మాటను చూసి అబ్బా భయపడటం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

తర్వాత అమ్మీకి జ్వరం వచ్చింది.

ఆటోలో మానుకోటకు తీసుకుపోయాం. దవాఖాన వరండాల్లో కూడా మనుషులు పడుకుని ఉన్నారు. రక్తం చూసిన డాక్టరమ్మ మంచాలు ఖాళీ లేవని చెప్పింది. "దోమ కుట్టి వచ్చిన జ్వరం. కదలకుండా పడుకోబెట్టండి, నీళ్లు బాగా తాగించండి. ముక్కులోంచి గానీ చిగుళ్లలోంచి గానీ నెత్తురొచ్చిందంటే మాత్రం ఒక్క గడియ ఆగొద్దు, ఎత్తుకొచ్చెయ్యండి. అప్పుడు నేలమీదైనా చోటు చూస్తాం" అంది. ఇంటికొచ్చినప్పటి నుంచి నేను చేసిన పనల్లా అమ్మీ ముక్కు చూస్తూ కూర్చోవడమే.

మరునాడు సాయంత్రం ఊళ్లో డప్పు చాటింపు వేశారు. రేపు పొద్దు పొడవకముందే ఊరు ఖాళీ చేయాలి. పిల్లాజెల్లా, గొడ్డూగోదా, కుక్కలతో సహా అందరూ చెరువు కింది మామిడితోపుకు పోవాలి. ఇళ్లల్లో పొయ్యి రాజేయొద్దు, దీపం పెట్టొద్దు. పొద్దు గూకినాక పసుపు నీళ్లు చల్లుకుంటూ తిరిగి రావాలి. మా వైపు పెద్ద రోగం వచ్చినప్పుడు ముత్యాలమ్మ పేరు మీద ఇలా చేయడం పాత ఆచారం. ఊళ్లో మనిషి వాసన లేకపోతే రోగానికి అండ దొరకదు, అదే లేచి పోతుంది. కానీ ఒక్కరు మిగిలినా ఆ ఒక్కరిని పట్టుకుని ఉండిపోతుంది. మా దాదీ బతికి ఉన్న రోజుల్లో కలరా వచ్చినప్పుడు కూడా మా ఇంటిల్లిపాదీ అలాగే పోయారట. తోపులో వంటలకు కోళ్లు, యాటలు కోయడానికి ముల్సాబు తప్పనిసరి కదా.

జ్వరమున్నవాళ్లను మంచాల మీద మోసుకుపోయి, తోపు అవతలి కొసన విడిగా పడుకోబెట్టాలన్నారు. పైన ముసురు. అమ్మీ లేచి కూర్చుంటే చాలు కళ్లు తేలేసేది. అబ్బా ఊరి పెద్దాయన దగ్గరికి వెళ్లి అడిగాడు. ఆ పెద్దాయన చెడ్డవాడు కాదు. అబ్బాను చిన్నప్పటి నుంచి తమ్ముడిలా చూసినవాడు. ఆయన మనవడు అప్పటికి జ్వరంతో మూలుగుతున్నాడు.

"పటేలా, ఆమె కదిలేటట్టు లేదు. ఇంట్లనే ఉంచుత" అన్నాడు అబ్బా.

"ఒక్క మనిషి కోసం ఊరును సంపుకుందామా ముల్సాబూ? నా మనవణ్ని గూడ మోసుకనే పోతున్న గద" అన్నాడు ఆయన. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

అక్కావాళ్ల ఇంటికి వేరే హుకుం వెళ్లింది. వాళ్లు కూడా ఊళ్లో ఉండకూడదు, కానీ తోపుకు రాకూడదు. వాళ్ల మిర్చి చేను దగ్గర గుడిసెలో ఉండాలి, మళ్లీ చాటింపు అయ్యేదాకా ఊళ్లో కాలు పెట్టకూడదు. ఊరితో రానివ్వరు, ఊళ్లో ఉండనివ్వరు. అక్క మూటతో వెళ్తూ మా వెనక గుమ్మం దగ్గర నిలబడి, "మీ అమ్మకెలా ఉందే?" అని అడిగింది. మానుకోటలో పిన్నమ్మ ఇంటికి పంపుతున్నామని చెప్పాను. నా మొహం చూసి ఆమె ఇంకేమీ అడగలేదు.

అదే అబద్ధం అబ్బా ఊరందరికీ చెప్పాడు. తెల్లవారకముందే ముందు తలుపుకు బయటి నుంచి తాళం వేసి, కత్తి గుడ్డలో చుట్టుకుని తోపుకు పోయాడు. పోయేముందు నా తల మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి అమ్మీ నుదురు కంటే వేడిగా ఉన్నట్టనిపించింది నాకు. "చప్పుడు చెయ్యకు బేటా. పొద్దుగూకంగనె వస్త" అన్నాడు.

ఖాళీ ఊరు ఎలా ఉంటుందో చూడనివాళ్లకు చెప్పడం కష్టం. కోడి కూత లేదు, బర్రె అరుపు లేదు, బొక్కెన చప్పుడు లేదు. రేకుల మీద వాన చినుకులు, లోపల అమ్మీ ఊపిరి, అంతే. కిటికీలు మూసి ఉండటంతో పగలే చీకటి. పొయ్యి లేదు కాబట్టి వేడినీళ్లు లేవు. చెంచాతో చల్లటి నీళ్లే పోశాను. జ్వరం పెరిగినప్పుడల్లా అమ్మీ ఏవేవో పలవరించేది. ఆ గొంతు గోడ దాటుతుందేమోనని భయం. తల్లి బతకాలని దువా చేయాల్సిన పిల్ల, తల్లి మాట్లాడకుండా ఉండాలని దువా చేసింది.

ఊళ్లో ఎవరైనా మిగిలారేమో చూడటానికి కట్టెలు పట్టుకుని ఇద్దరు కావలివాళ్లు తిరుగుతున్నారన్న సంగతి మాకు తెలియదు. పొద్దెక్కాక వాళ్ల అడుగులు మా వాకిట్లోకే వచ్చాయి. తాళం పట్టుకుని గుంజారు. నేను చున్నీ కొంగు ఉండచేసి అమ్మీ నోటి దగ్గర పెట్టి పట్టుకున్నాను. ఆమె కళ్లు తెరిచి నన్ను చూసింది. నేనెందుకలా చేస్తున్నానో ఆమెకు అర్థమైంది. పెదాలు బిగించి, నొప్పికి కన్నీళ్లు కారుస్తూ అలాగే ఉండిపోయింది.

"ముల్సాబిల్లు. మానుకోటకు పోయిండ్రంట" అన్నాడొకడు.

"తురకోళ్లు గూడ గియన్ని పాటిస్తర్రా?" అన్నాడు రెండోవాడు.

"ఎందుకు పాటియ్యరు? ముల్సాబు మనోడే" అని మొదటివాడు కట్టెతో గడప మీద కొట్టి ముందుకు పోయాడు. ఊరంతా చూసి వాళ్లూ తోపుకే పోయారని తర్వాత తెలిసింది.

మధ్యాహ్నం దాటింది. నీళ్లు పోద్దామని వంగేసరికి అమ్మీ పై పెదవి మీద సన్నటి ఎర్ర గీత కనిపించింది. తుడిచాను. మళ్లీ వచ్చింది. దిండు మీద చుక్క పడింది. డాక్టరమ్మ మాట చెవుల్లో మోగింది. ఇంత వయసొచ్చాక కూడా ఎర్రటి సన్న దారం బట్ట మీద పడి కనిపిస్తే నాకు వెంటనే అదే గుర్తొస్తుంది.

"నక్కో బేటా, బాహర్ నక్కో జా" అంది అమ్మీ, బయటికి వెళ్లొద్దని. నేను వినలేదు. వెనక తలుపు గడియ తీసి సందులో పడ్డాను. తోపుకు పోతే అబ్బా ఉంటాడు, కానీ ఊరంతా ఉంటుంది. అదీగాక తోపులో అబ్బా ఏం చేయగలడు? ఆటోలు కూడా అక్కడే ఉన్నాయి, వాటిని ఊళ్లోకి ఎవరు రానిస్తారు? మిర్చి చేను మాత్రం సందు కొస నుంచి గట్ల వెంట పోతే దగ్గరే. బురదలో చెప్పులు ఊడిపోతే అక్కడే వదిలేసి పరుగెత్తాను.

గుడిసెలో వాళ్లిద్దరూ గోనెసంచుల మీద కూర్చుని ఉన్నారు. ట్రాక్టరు పక్కనే ఉంది. ఏడుస్తూనే అంతా చెప్పాను.

ఆయన మొహం తెల్లబోయింది. "ఊళ్లోకి రావద్దన్నారు కదమ్మా. ఇంజన్ చప్పుడు తోపు దాకా వినపడుద్ది. మమ్మల్ని బతకనివ్వరు" అన్నాడు. అది పిరికితనం కాదు, నాకు అప్పుడే తెలుసు. టెంటు మాటలన్నీ వాళ్లింటి గోడకే తగులుతుండేవి.

అక్క లేచి కొంగు నడుముకు చుట్టుకుంది. "మీరు భయపడుతూనే తోలండి. నేనూ భయపడుతూనే వస్తాను. పదండి" అంది.

ఇంజన్ వెంటనే అందుకోలేదు. అందుకున్నాక ఆ చప్పుడు ఖాళీ ఊళ్లోని ఇంటింటికీ తగిలి తిరిగి మా మీదికే వచ్చింది. ట్రాక్టరుకు తగిలించిన ట్రక్కును వెనక సందులో ఆపి, బొంతతో సహా అమ్మీని మోసి పడుకోబెట్టాం. ముసురు తగలకుండా ఆయన మిర్చి ఆరబోసే పరదా పైన కప్పాడు. అమ్మీ తల నా ఒళ్లో పెట్టుకుని నేనూ ఆ పరదా కిందే పడుకున్నాను. అక్క ముందు, ఆయన పక్కన చక్రం మీది రెక్కపై కూర్చుంది. నిరుటి మిర్చి ఘాటు ఆ పరదాకు పట్టుకుని ఉంది. గొంతులో గరగర, కళ్లలో మంట. దగ్గు రాకుండా నా మణికట్టు కొరుక్కున్నాను.

మానుకోటకు పోవాలంటే తోపు ముందు నుంచి పోవాలి. ఇంకో దారి లేదు. బండి వేగం తగ్గడం తెలిసింది, తర్వాత ఆగడం తెలిసింది. చుట్టూ కాళ్ల చప్పుడు.

"ఊర్లకెందుకు పోయినవ్‌రా? రావద్దని చెప్పలే?"

"ఇంట్లో మందు డబ్బాలు మర్చిపోయానండి. తెచ్చుకుందామని వెళ్లాను" అన్నాడు ఆయన.

మేమున్నామని చెబితే ఆయన తప్పు సగమవుతుంది. చెప్పలేదు. మా అబ్బా అబద్ధాన్ని ఆయన తన నెత్తి మీద పెట్టుకున్నాడు. ఆ క్షణంలో నాకు ఆయన మీద దయ కలగలేదు, నిజం చెప్తున్నాను. ఆయన అలాగే చెప్పాలని, ఇంకా గట్టిగా చెప్పాలని అనిపించింది. నా ఒళ్లో అమ్మీ ఉంది మరి.

"ఊరు పాడుగానీకి పోయిండు!" "రోగాన్ని ఊళ్లనె ఉంచనీకె పోయిండు!" "ఆంధ్రోనికి మన పిల్లలు సస్తే ఏంది?" అరుపులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆ గొంతుల్లో నాకు తెలియనిది ఒక్కటీ లేదు. టెంటులో నాకు పాటలు నేర్పిన గొంతు కూడా ఉంది. కట్టె తగిలి హెడ్‌లైటు పగిలింది. అక్క అరిచింది. ఆయన్ని కిందికి గుంజుతున్న చప్పుడు. బండి ఊగింది. అమ్మీ ముక్కు నుంచి వెచ్చగా నా చేతి మీదికి కారింది.

అప్పుడు అబ్బా గొంతు వినిపించింది. "పోనియ్యుండ్రి. నీ కాల్మొక్త పటేలా, పోనియ్యుండ్రి." ఎవరూ వినలేదు. బొంత కొస పరదా బయటికి కనబడుతోందని, అది చూసే ఆయనకు తెలిసిందని తర్వాత చెప్పాడు. జనాన్ని తోసుకుంటూ వచ్చి ట్రక్కు మీద చెయ్యి వేశాడు. "ఆయన్ని కొట్టకుండ్రి. అండ్ల నా పెండ్లమున్నది. పొద్దటి సంది మా ఇంట్లనె ఉన్నది. నేనే తాళమేసిన" అన్నాడు.

పరదా లేచింది. వెలుతురు కళ్లలో గుచ్చింది. చుట్టూ మొహాలు, వాటి వెనక వాన. ముందు వరుసలో పెద్దాయన. ఆయన అమ్మీ మొహం మీది నెత్తురు చూశాడు, నన్ను చూశాడు, అబ్బాను చూశాడు. ఇప్పుడు మమ్మల్ని అందరినీ కొడతారనుకున్నాను. అబ్బా కూడా అలాగే అనుకున్నట్టున్నాడు, తల వంచుకుని నిలబడ్డాడు.

పెద్దాయన చాలా మెల్లగా అన్నాడు, "పోనీ తీ. వాళ్ల సంగతి వేరు. తురకోళ్లకు మన దేవత పట్టింపు ఎట్లుంటది?"

గుంపు దారి ఇచ్చింది. కట్టెలు దిగాయి. ఒకామె అమ్మీ మీద జాలిపడి తన చీర కొంగుతో నా చేతి మీది నెత్తురు కూడా తుడిచింది. అబ్బాను బండి ఎక్కమని ఎవరూ అనలేదు, ఎక్కొద్దనీ అనలేదు. ఆయన కదల్లేదు. పగిలిన లైటుతో, చొక్కా చినిగిన మనిషి చేతుల్లో బండి ముందుకు పోయింది.

ముందు ఊరి సంగతి చెప్పేస్తాను, దాని మీద నా కోపం ఇంకా తగ్గలేదు. జ్వరం ఆ రోజుతో పోలేదు. దోమలు మామిడితోపులో కూడా ఉంటాయి కదా. ఆ తర్వాత పోయినవాళ్లలో పెద్దాయన మనవడు ఒకడు. ఆంధ్రోళ్ల బండి ఊళ్లో తిరగబట్టే రోగం ఊళ్లోనే ఉండిపోయిందన్నారు. మా పేరు ఎవరూ ఎత్తలేదు. అక్కావాళ్లు మిర్చి కోతకు కూడా ఆగకుండా, చేను పచ్చగా ఉండగానే వెళ్లిపోయారు. అబ్బా టెంటు మానలేదు. అందరికంటే ముందు వెళ్లి చాపలు పరిచేవాడు, అందరికంటే గట్టిగా నినాదమిచ్చేవాడు. జ్వరానికి ముందు ఆయన నినాదమిస్తుంటే నాకు నవ్వొచ్చేది, చివర్లో గొంతు పిల్లాడిలా సాగేది. ఆ తర్వాత మాత్రం ప్రతి నినాదం కాగానే చుట్టూ చూసేవాడు, ఎవరెవరు విన్నారో అని.

దవాఖానలో అమ్మీకి నేల మీద చోటిచ్చారు. సెలైన్లు ఎక్కించారు, ఎవరిదో రక్తంలోంచి తీసిన పసుప్పచ్చని సంచీ కూడా ఎక్కించారు. అక్క రాత్రంతా నాతోనే కూర్చుంది. మరునాటికి నెత్తురు ఆగింది. ఆ పై రోజు జ్వరం దిగింది. అమ్మీ దానిమ్మ గింజలు అడిగి తిన్నది. డాక్టరమ్మ వచ్చి, గండం గడిచిందని చెప్పి నా చెంప మీద తట్టింది. అంతవరకు ఏడవనిదాన్ని అప్పుడు ఏడ్చాను.

ఆ సాయంత్రం అబ్బా వచ్చాడు. అమ్మీ పక్కన గోడకానుకుని కూర్చున్నాడు. చాలాసేపు ఆమె కాళ్లు పట్టుకుని ఉన్నాడు. అమ్మీకి తోపు దగ్గరి సంగతి సగమే తెలుసు. "ఊరోళ్లు ఏమన్నరు? జుర్మానా ఏసిన్రా?" అని అడిగింది.

"ఏం ఎయ్యలే. మాఫ్ చేసిండ్రు" అన్నాడు అబ్బా. నేల వైపు చూస్తూ, "మన సంగతి వేరంట" అన్నాడు.

అమ్మీ దుప్పటి గొంతు దాకా లాక్కుంది. తర్వాత ఆమె చేతులు వణకడం మొదలైంది, తర్వాత భుజాలు, తర్వాత పళ్లు. నేను హడలిపోయి నర్సమ్మను పిలుచుకొచ్చాను. నర్సమ్మ చంకలో థర్మామీటరు పెట్టి, తీసి, వెలుతురుకు పట్టి చూసింది. మళ్లీ పెట్టి చూసింది.

"జ్వరం లేదు కదా బిడ్డా, ఒళ్లు సల్లగనే ఉన్నది" అంది నాతో. "మరెందుకు వణుకుతున్నది?"